కైఫ్, కైపు, కైఫియత్తు: హుస్సేనీ ఆలం పరిసరాల నేపథ్యంలో గంజాయి రజను చరిత్ర

వ్యాససంగ్రహం

గంజాయి ఆడమొక్క పూగుత్తులపై ఊరిన జిగురు ఎండి, జల్లెడ పట్టినప్పుడు పొడిగా రాలుతుంది. ఈ పొడిని నేడు ప్రపంచంలో అనేకచోట్ల ‘కీఫ్’ అంటున్నారు. ఆ పేరుకు మూలమైన అరబ్బీ ‘కైఫ్’ శబ్దం ఉర్దూ మీదుగా తెలుగులోకి ‘కైపు’గా వచ్చింది. దాని నుంచే పుట్టిన ‘కైఫియత్’ తెలుగు చరిత్రకారులకు ‘కైఫియత్తు’గా సుపరిచితం. పదం వచ్చింది గాని, అది సూచించే పదార్థానికి తెలుగులో పేరు స్థిరపడలేదు. భాషలోని ఈ లోటు నేటి చట్టం ముందు ఎలాంటి చిక్కులకు దారితీస్తుందో, ఒక మొక్కకు సంబంధించిన మచ్చ ఒక పేటకు ఎలా అంటుకుంటుందో హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలం పరిసరాలను నేపథ్యంగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కైపు, గంజాయి, భంగు, చరస్, ఆబ్కారీ, హుస్సేనీ ఆలం, ధూల్‌పేట, మాదకద్రవ్యాల చట్టం

1. ఉపోద్ఘాతం

తెలుగులో మద్యపానంపై చెప్పుకోదగ్గ సాహిత్యం ఉంది. కల్లు, సారా చుట్టూ కథలు, పాటలు, ఉద్యమాలు ఉన్నాయి. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేకోద్యమం తెలుగు సమాజ చరిత్రలో ఒక అధ్యాయమైంది. గంజాయి విషయం అలా కాదు. అది సామెతల్లో, చాటువుల్లో, నేరవార్తల్లో కనిపిస్తుంది తప్ప చరిత్ర రచనలో కనిపించేది తక్కువ. దీనికి ఒక కారణం ఆ వస్తువు పట్ల ఉన్న జుగుప్స. మరో కారణం ఆధారాలు చెల్లాచెదురుగా ఉండటం. నిఘంటువులు, వైద్యగ్రంథాలు, యాత్రికుల రాతలు, ఆబ్కారీ శాసనాలు, విచారణ సంఘాల నివేదికలు కలిపి చదివితే తప్ప దీని చరిత్ర రూపుకట్టదు.

ఈ వ్యాసం గంజాయి వినియోగాన్ని సమర్థించదు. దాని హానిని తక్కువ చేయదు. ఒక పదార్థానికి ఎవరు ఏ పేరు పెట్టారు, ఆ పేరు ఆధారంగా పన్నుగాని శిక్షగాని ఎలా నిర్ణయించారు అన్నదే ఇక్కడ ప్రధాన ప్రశ్న.

2. పదాల వంశవృక్షం

సంస్కృతంలో ‘భంగా’ శబ్దం ప్రాచీనం. అథర్వవేదంలో అది కనిపిస్తుంది. పాణిని నువ్వులు, మినుములు, అవిసెలతో పాటు భంగ పండే పొలాన్ని తెలిపే పదాలకు సూత్రం చెప్పాడు. అమరకోశం దానికి ‘మాతులానీ’ అని పర్యాయపదమిచ్చింది. అయితే ఈ ప్రాచీన ప్రస్తావనల్లో భంగ ఒక పైరుగానే కనిపిస్తుంది. దాని మాదకగుణం స్పష్టంగా చర్చకు వచ్చేది మధ్యయుగ వైద్యగ్రంథాల్లో. అక్కడ ‘విజయా’ అనే పేరు కూడా స్థిరపడింది. సంస్కృత ‘గంజా’ తెలుగులో ‘గంజాయి’ అయింది. ‘భంగా’ ఒకవైపు ‘భంగు’గా, మరోవైపు ‘బంగి’, ‘బంగాకు’ వంటి రూపాల్లో నిలిచింది.

ఇక్కడ తెలుగునేల ప్రత్యేకత ఒకటి గమనించాలి. ఉత్తర హిమాలయ ప్రాంతాల్లో ఈ మొక్కను నార కోసం కూడా వాడారు. తెలుగువారికి నార కోసం జనుము, గోగు ఉన్నాయి. రెండూ వేరే జాతుల మొక్కలే. ఆంగ్లేయ అధికారులు జనపనార జాతులన్నిటికీ ఒకే మాట వాడి, గోగును కూడా ‘దక్కను హెంప్’ అన్నారు. అందువల్ల వలసకాలపు పత్రాలు చదివే పరిశోధకులు ప్రతిచోటా ఆ మాటకు గంజాయి అని అర్థం చెప్పుకోకూడదు.

మత్తును సూచించే పదాల చరిత్ర మరింత ఆసక్తికరం. ‘మత్తు’, ‘మైకం’ పక్కన తెలుగులో ‘నిషా’, ‘కైపు’ నిలిచాయి. ఈ రెండూ అరబ్బీ, పారసీకాల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. అరబ్బీలో ‘కైఫ’ అంటే ‘ఎలా’. దాని నుంచి ‘కైఫ్’ అంటే స్థితి, తీరు. క్రమంగా హాయి అయిన స్థితి, ఆపై మత్తు. తుర్కీ భాషలో అది ‘కెయిఫ్’గా కులాసాకు పేరైంది. మొరాకోలో ‘కిఫ్’ అంటే సన్నగా తరిగి, తరచుగా పొగాకుతో కలిపి, పొడుగాటి గొట్టంలో పీల్చే గంజాయి. ఆంగ్లంలోకి వెళ్లిన తర్వాత ‘కీఫ్’ జల్లెడ పట్టిన జిగురు పొడికి పేరైంది. ఉర్దూ కవిత్వంలో ‘కైఫ్’ ప్రేమపారవశ్యాన్నీ, ఆధ్యాత్మిక తన్మయత్వాన్నీ కూడా చెబుతుంది. తెలుగులో అది ‘కైపు’ అయి కంటిచూపుకూ, పాటకూ, కల్లుకూ సమానంగా చెల్లింది.

ఈ కుటుంబంలోదే ‘కైఫియత్’. స్థితిగతుల వివరణ అని దాని అర్థం. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రలకు తెలుగులో ‘కైఫియత్తులు’ అన్న పేరు ఇలాగే వచ్చింది. ఒకే ధాతువు తెలుగువారికి ఒక చరిత్రరచనా ప్రక్రియ పేరునూ, ఒక మత్తు పేరునూ ఇచ్చింది. ఉర్దూ పరిపాలనభాషగా, బజారుభాషగా తెలుగుపై చూపిన ప్రభావం కచేరి నుంచి కల్లుదుకాణం దాకా వ్యాపించిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కాని ఈ వరుసలో ఒక ఖాళీ ఉంది. మొరాకోలోనూ, ఆంగ్లంలోనూ వస్తువుకు పేరైన మాట తెలుగులో అనుభవానికి మాత్రమే పేరైంది. పొడికి తెలుగు పేరు లేదు. ఈ వ్యాసంలో సౌలభ్యం కోసం దాన్ని ‘గంజాయి రజను’ అని వ్యవహరిస్తున్నాం. బంగారు రజను అన్నట్టే, మూలవస్తువు సారం పొడిగా రాలినదన్న అర్థం ఇందులో ఉంది.

3. ఆకు, పువ్వు, జిగురు: పదార్థ స్వరూపం

గంజాయి ఒక మొక్కే అయినా దాని నుంచి వచ్చే పదార్థాలు ఒకటి కావు. ఎండిన ఆకు భంగు. ఆడమొక్క పూగుత్తి జిగురుతో సహా ఎండితే గంజాయి. ఆ జిగురును విడదీస్తే చరస్. ఈ మూడింటి విభజన 1894 నాటి విచారణ సంఘం నివేదికలో శాస్త్రీయంగా స్థిరపడింది.

మూడింటికీ తేడా మోతాదులో ఉంది. పూగుత్తి పైనా, దాన్ని అంటిపెట్టుకున్న చిన్న ఆకులపైనా గుండుసూది ఆకారంలో సన్నని గ్రంథులుంటాయి. మామూలు కంటికి అవి మంచుపొడి చల్లినట్టు కనబడతాయి. మత్తునిచ్చే రసాయనం ప్రధానంగా ఆ గుండుతలల్లోనే ఊరుతుంది. దాన్ని శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణాన్ని నిర్ధారించినవారు ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గావొని, మెషూలం, సంవత్సరం 1964. పచ్చిమొక్కలో అది ఆమ్లరూపంలో ఉంటుంది. వేడి తగిలినప్పుడు మాదకరూపం దాలుస్తుంది. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చిలుంలో నిప్పు, మాజూనులో నెయ్యి, భంగులో పాలు ఎందుకు వచ్చాయో దీనివల్ల తెలుస్తుంది. రసాయనశాస్త్రం పేరు తెలియని కాలంలోనే అనుభవం ఈ మార్గాలను కనిపెట్టింది.

ఆ గుండుతలలు ఎండినప్పుడు పెళుసుబారి రాలిపోతాయి. ఆకూ కాడా పైన మిగిలి, జల్లెడ కిందికి దిగే రజను ఇదే. తూకం తగ్గి తీవ్రత పెరుగుతుంది. భంగు తాగినవాడికి మత్తు నెమ్మదిగా ఎక్కి చాలాసేపు ఉంటుంది. పొగ పీల్చినవాడికి కొద్ది నిమిషాల్లోనే ఎక్కుతుంది. రజను విషయంలో పరిమాణాన్ని అంచనా కట్టడం మరింత కష్టం. చిటికెడు తేడా కూడా మోతాదును మార్చేస్తుంది. తీవ్రత ఎక్కువైన రకాలను రోజూ వాడేవారిలో మతిభ్రమణ ప్రమాదం అధికమని ఆధునిక వైద్యపరిశోధనలు చెబుతున్నాయి. లేతవయసులో మొదలుపెట్టినవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

జిగురు విడదీసే పద్ధతులు ప్రాంతాన్నిబట్టి మారాయి. హిమాలయ ప్రాంతాల్లో పచ్చి పూగుత్తులను అరచేతుల మధ్య నలిపి జిగురును ఉండగా చుట్టేవారు. కలకత్తా వైద్యకళాశాల ఆచార్యుడు ఓషానెసీ 1839లో ప్రకటించిన పత్రంలో, తోలుదుస్తులు ధరించిన మనుషులు పైరులో అడ్డదిడ్డంగా పరుగెత్తి, ఆ తోలుకు అంటిన జిగురును గీకి తీసే పద్ధతిని వివరించాడు. మధ్య ఆసియాలోని యార్కండ్‌లో ఎండిన మొక్కను కొట్టి, జల్లెడ పట్టి, పొడిని సంచుల్లో కూరి లేహ్ మీదుగా పంజాబుకు పంపేవారు. నేడు ‘కీఫ్’ అంటున్నదానికి భారత వాణిజ్యచరిత్రలో అతిదగ్గరి వస్తువు ఈ యార్కండ్ చరసే.

దక్కనులో జిగురును వేరుచేసి అమ్మే వ్యాపారం వేళ్లూనుకోలేదు. ఇక్కడ చెలామణి అయింది పూగుత్తి రూపంలోని గంజాయి. పదార్థం విడిగా బజారులో లేనందువల్లే దానికి తెలుగు పేరు కూడా పుట్టలేదని భావించవచ్చు.

4. హుస్సేనీ ఆలం: స్థలం, సంస్కృతి

హుస్సేనీ ఆలం చార్మినార్‌కూ పురానాపూల్‌కూ మధ్య ఉన్న పాత పేట. ఇమాం హుసేన్ స్మృతిచిహ్నమైన ‘అలం’ కారణంగా దానికి ఆ పేరు వచ్చింది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 1578లో మూసీపై కట్టిన పురానాపూల్ గోల్కొండను నది ఇవతలి ఒడ్డుతో కలిపింది. 1591లో చార్మినార్ వెలిశాక కోట నుంచి కార్వాన్ మీదుగా, వంతెన దాటి, కొత్త నగరంలోకి వచ్చే రాకపోకలకు ఈ ప్రాంతం దారి అయింది. గుర్రాలు, వజ్రాలు, వస్త్రాలతోపాటు మనుషుల అలవాట్లు కూడా ఇటువంటి దారుల వెంటే నడిచి వస్తాయి.

ఈ సాంస్కృతిక వాతావరణంలో గంజాయి జాతి పదార్థాలకు మూడు రంగాల్లో చోటుండేది. మొదటిది వైద్యం. యునానీ వైద్యులు దీన్ని ‘కిన్నబ్’ అంటారు. భంగు చేరిన మాజూనుల్లో ‘ఫలక్ సైర్’ ఒకటి. గగనవిహారం అని ఆ పేరుకు అర్థం. చార్మినార్ పక్కన ఏడవ నిజాం కాలంలో వెలసిన నిజామియా యునానీ ఆస్పత్రి ఈ వైద్యసంప్రదాయానికి నేటికీ కేంద్రం. రెండవది ఫకీర్లు, బైరాగుల లోకం. మూడవది పండుగ. శివరాత్రికి, హోలీకి భంగు తాగడం ఉత్తరాది నుంచి వచ్చి బేగంబజారు, ధూల్‌పేటల్లో స్థిరపడిన వర్తక, లోధ కుటుంబాలతో నగరానికి వచ్చిన ఆచారం.

దక్కను ముస్లిముల ఆచారాలపై తొలి వివరణాత్మక గ్రంథమైన ‘కానూన్-ఎ-ఇస్లాం’ రచయిత జాఫర్ షరీఫ్ ఏలూరు ప్రాంతీయుడు. హెర్క్‌లాట్స్ ఆంగ్లానువాదంతో 1832లో వెలువడిన ఆ గ్రంథం మొహర్రం రోజుల్లో మొక్కుబడిగా ఫకీరు వేషం కట్టేవారి గురించి విపులంగా చెబుతుంది. ఫకీరు వేషం వేరు, మత్తు వేరు. సంచారులైన మలంగులు భంగు సేవించడం నిజమే గాని, షరియత్‌కు కట్టుబడిన సూఫీ శాఖలు, ఉలమా దాన్ని తీవ్రంగా గర్హించారు. 14వ శతాబ్దికే ఇబ్న్ తైమియా, జర్కషీ వంటి ధర్మశాస్త్రవేత్తలు హషీష్‌పై నిషేధాన్ని వాదించారు. కాబట్టి ఈ అలవాటును ఒక మతానికి ముడిపెట్టడం ఆ మతం లోపలి వాదనను విస్మరించడమే అవుతుంది.

విదేశీయుల రాతలు కూడా ఇదే చెబుతాయి. గోవాలో నివసించి, అహ్మద్‌నగర్ నిజాంషాహీ కొలువుతో సంబంధమున్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో ప్రచురించిన గ్రంథంలో భంగు గుణాలను ప్రస్తావించాడు. 1669-79 మధ్య బంగాళాఖాతపు తీరప్రాంతాల్లో తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, దీన్ని పొగాకుతో కలిపి పీల్చడం, ఆకు నమలడం, నూరి తాగడం అనే మూడు పద్ధతులను పేర్కొన్నాడు. తన తోటి ఆంగ్లేయులు భంగు తాగి ఒకరు ఏడ్చి, మరొకరు స్తంభంతో కలబడిన వైనాన్ని కూడా అతడే రాశాడు. తాగినవారి మతాన్నిబట్టి మత్తు మారదని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు.

5. 1893-94 విచారణ సంఘం: తెలుగునేల

గంజాయిపై 19వ శతాబ్దిలో జరిగిన అతిపెద్ద విచారణ భారతదేశంలోదే. 1893 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో మద్యనిషేధవాది డబ్ల్యూ. ఎస్. కెయిన్ లేవనెత్తిన ప్రశ్నతో అది మొదలైంది. మొదట బెంగాలుకు పరిమితం కావలసిన విచారణను బ్రిటిష్ ఇండియా అంతటికీ విస్తరించారు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1193 మంది సాక్షులను విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక సమర్పించింది. నైజాం పాలనలోని హైదరాబాదు బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు. అయినా నిజాం నుంచి బ్రిటిష్‌వారి పాలనలోకి వెళ్లిన బేరారు, మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు విచారణ పరిధిలోకి వచ్చాయి.

మద్రాసు రాజధానిలో గంజాయి సాగు కేంద్రాల్లో ఒకటి తెలుగునేలపైనే ఉంది. ఆనాటి కృష్ణా జిల్లాలోని దగ్గుబాడు పరిసరాలు అందుకు పేరుపొందాయి. అక్కడ గంజాయి రహస్యపు పంట కాదు. సర్కారు లెక్కల్లో ఉన్న పంట. ఉత్తరాదిలో భంగు, గంజాయి అనే పేర్లకున్న స్పష్టమైన తేడా మద్రాసు రాజధానిలో లేదనీ, ఒకే సరుకును పీల్చడానికీ తాగడానికీ వాడుతున్నారనీ నివేదికను చదివితే తెలుస్తుంది. పేర్ల అస్పష్టత దక్షిణాదికి కొత్త కాదు.

సంఘం తేల్చిన ప్రధానాంశం మితవినియోగం వల్ల చెప్పుకోదగ్గ హాని లేదని, అమితవినియోగం హానికరమని. సంపూర్ణ నిషేధం అవసరం లేదని, పన్ను, లైసెన్సు, సాగు నియంత్రణలతో వినియోగాన్ని అదుపు చేయాలని సిఫార్సు చేసింది. పిచ్చాసుపత్రుల లెక్కల పరిశీలన దాని విలువైన కృషి. 1892లో గంజాయి వల్ల పిచ్చిపట్టినట్టు నమోదైన 222 కేసులను ఒక్కొక్కటిగా తిరిగి పరిశీలించగా, సగానికి పైగా కేసుల్లో ఆ కారణం నిలబడలేదు. రోగి పూర్వాపరాలు తెలియనప్పుడు ఆ గడిలో ‘గంజాయి’ అని రాసేయడం గుమాస్తాలకు, పోలీసులకు అలవాటైపోయింది. ఒక పదం నమోదుపత్రంలో కారణంగా మారిన తీరు ఇది.

ఈ నివేదికను యథాతథంగా కీర్తించడం కూడా సరికాదు. గంజాయి ప్రభుత్వానికి రాబడినిచ్చే సరుకు. నిషేధం రాబడికి గండి కొడుతుందన్న స్పృహ ఆ విచారణ వెనుక లేదనలేం. సాక్షుల్లో అధికారులు, జమీందార్లు, వైద్యులు ఎక్కువ. చిలుం పట్టిన కూలీల గొంతు తక్కువ. అయినా పదార్థాన్ని బట్టి, వాడకాన్ని బట్టి, మోతాదును బట్టి తేడా చూపాలన్న దాని పద్ధతి నేటికీ ఆలోచించదగినది.

ఆబ్కారీ వ్యవస్థకు ఈ తేడా ముందే తెలుసు. బెంగాలులోని నవ్‌గావ్ గంజాయిని చదునుది, గుండ్రనిది, చూరు అని మూడు రకాలుగా విభజించి పన్ను వేసేవారు. కాడలు, పుల్లలు లేకుండా రాలిన ‘చూరు’కు అన్నిటికంటే ఎక్కువ పన్ను. అందులో చెత్త తక్కువ, సారం ఎక్కువ. రజనుకు ఎక్కువ పన్ను వేసిన ఆ తర్కమే తర్వాతి కాలంలో రజనుకు ఎక్కువ శిక్ష వేసే తర్కంగా మారింది.

6. ఆబ్కారీ నుంచి శిక్షాస్మృతికి

‘ఆబ్కారీ’ పారసీక పదం. నీటిపని, అంటే సారా బట్టీ పని అని మూలార్థం. మద్రాసు రాజధానిలో 1886 నాటి ఆబ్కారీ చట్టం, హైదరాబాదు రాజ్యంలో ఫసలీ 1316 (క్రీ.శ. 1906-07) నాటి ఆబ్కారీ చట్టం మత్తుపదార్థాల వ్యాపారాన్ని నియంత్రించాయి. వీటి దృష్టిలో గంజాయి ప్రధానంగా పన్నుకు సంబంధించిన విషయం. లైసెన్సు లేకుండా అమ్మినవాడు ఖజానాకు నష్టం కలిగించినవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రెండు వ్యవస్థల స్థానంలో 1968 నాటి ఎక్సైజు చట్టం వచ్చింది.

ఈలోగా అంతర్జాతీయ రంగం మారిపోయింది. 1925 జెనీవా ఒప్పందంలో గంజాయికి చోటు దక్కింది. 1930లో బ్రిటిష్ ఇండియాలో ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఏకైక ఒప్పందం గంజాయినీ దాని జిగురునూ అత్యంత కఠినమైన జాబితాలో చేర్చింది. అయితే ‘పూగుత్తులు జతగా లేని ఆకులు, గింజలు’ నిర్వచనం నుంచి బయట ఉండిపోయాయి. భంగుకు చట్టంలో మిగిలిన చోటు ఈ సందే. వైద్యేతర వినియోగాన్ని మాన్పించడానికి సంప్రదాయ దేశాలకు 25 సంవత్సరాల గడువు దొరికింది. ఆ గడువు ముగియవచ్చిన దశలో భారత పార్లమెంటు 1985లో మాదకద్రవ్యాలు, మనోచైతన్య పదార్థాల చట్టాన్ని ఆమోదించింది. అది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. నిన్నటిదాకా పన్ను కట్టే సరుకు ఆనాటి నుంచి జైలుకు పంపే సరుకైంది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల సంఘం గంజాయినీ జిగురునూ ఆ కఠిన జాబితా నుంచి తొలగించింది. 27 దేశాలు అనుకూలంగా, 25 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ అనుకూలంగా ఓటు వేసింది. అయినా దేశీయ చట్టంలో గంజాయి, చరస్‌ల నిర్వచనాలు, శిక్షలు మారలేదు.

7. జల్లెడ ముందు చట్టం

1985 నాటి చట్టం నిర్వచనాలు రజను విషయంలో కీలకం. పూగుత్తులు గంజాయి. మొక్క నుంచి వేరుచేసిన జిగురు ముడిదైనా, శుద్ధి చేసినదైనా, ఏ రూపంలో ఉన్నా చరస్. ఈ లెక్కన జల్లెడ పట్టి విడదీసిన రజను చరస్ కిందికే వస్తుంది. 2001 అక్టోబరు నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ప్రకారం స్వల్పపరిమాణం గంజాయికి 1000 గ్రాములు, చరస్‌కు 100 గ్రాములు. వాణిజ్యపరిమాణం గంజాయికి 20 కిలోలు, చరస్‌కు ఒక కిలో. అంటే స్వల్పపరిమాణంలో తేడా పదిరెట్లు, వాణిజ్యపరిమాణంలో ఇరవైరెట్లు.

శిక్షల్లో ఈ తేడా ఎలా కనిపిస్తుందో చూడాలి. స్వల్పపరిమాణమైతే ఏడాది దాకా జైలు. మధ్యస్థమైతే పదేళ్ల దాకా. వాణిజ్యపరిమాణం దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. బెయిలు కూడా అత్యంత కష్టం. 500 గ్రాముల పూగుత్తితో పట్టుబడినవాడు మొదటి కోవలోకి వస్తాడు. 500 గ్రాముల రజనుతో పట్టుబడినవాడు రెండవ కోవలోకి వస్తాడు. తూకం ఒకటే, మొక్క ఒకటే. నడుమ ఉన్నది జల్లెడ. తీవ్రతను బట్టి చూస్తే ఈ తేడాకు హేతువు ఉంది. కాని సంచిలోని గంజాయి ఒరిపిడికి దానంతట అదే రాలి అడుగున చేరిన పొడిని ఏమనాలి? ‘వేరుచేసిన’ అనే విశేషణం మనిషి పనిని సూచిస్తుందా, వస్తువు స్థితిని సూచిస్తుందా? ఇది చట్టం ప్రశ్న అయినంతగానే భాషాప్రశ్న కూడా.

2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, మిశ్రమంలో మాదకభాగం ఎంతన్నది కాక మొత్తం తూకాన్నే లెక్కలోకి తీసుకోవాలని తీర్పునిచ్చింది. దీంతో వస్తువుకు మొదట ఏ పేరు పెడతారన్నది మరింత ముఖ్యమైంది. పంచనామాలో ‘గంజాయి పొడి’ అని రాస్తే ఒక అర్థం, ‘చరస్’ అని రాస్తే మరో అర్థం వస్తాయి. ప్రయోగశాల నివేదిక చివరికి వస్తువును తేల్చవచ్చు. ఆ నివేదిక వచ్చేదాకా నిందితుడి నెలలు పంచనామాలోని పదం మీద ఆధారపడి గడుస్తాయి. తెలుగు పత్రికలు మూడు పదార్థాలనూ ‘గంజాయి’ అనో, ‘మత్తుపదార్థం’ అనో ఒకే గాటన కట్టడం పాఠకుడి అవగాహననూ మొద్దుబారుస్తుంది.

చట్టంలో మరో పార్శ్వం కూడా ఉంది. స్వల్పపరిమాణంతో లేదా సేవించిన నేరంతో ఆరోపణ ఎదుర్కొనే వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు సిద్ధపడితే విచారణ నుంచి మినహాయింపునిచ్చే 64ఏ సెక్షను ఉంది. దీని గురించి వ్యసనపరుల కుటుంబాలకు తెలుగులోనూ ఉర్దూలోనూ సులభంగా చెప్పే సమాచారం ఉండాలి. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10-75 ఏళ్లవారిలో దాదాపు 2.8 శాతం, అంటే సుమారు 3.1 కోట్లమంది గడచిన ఏడాదిలో ఈ జాతి పదార్థాల్లో ఏదో ఒకటి వాడారు. వారిలో సుమారు 2.2 కోట్లు భంగు, 1.3 కోట్లు గంజాయి లేదా చరస్ వాడినవారు. రెండు కోవల్లోనూ ఉన్నవారు కొందరు. ఇంతమందిని ఒకే మాటతో, ఒకే శిక్షతో చూడటం అసాధ్యం.

8. మొక్క మచ్చ, పేట మచ్చ

‘తులసివనంలో గంజాయి మొక్క’ అన్న సామెత తెలుగువారి నోట నిత్యం నానుతూ ఉంటుంది. మంచివారి మధ్య చెడ్డవాడని భావం. ఇందులో మొక్క రూపం కాదు, పరువు కొలమానం. తెనాలి రామకృష్ణునికి ఆపాదించే ప్రసిద్ధ సమస్యాపూరణ చాటువులో గంజాయి, కల్లు, తురకల సాంగత్యం ఒకే తిట్టులో కలిసి వస్తాయి. చాటువు చారిత్రకాధారం కాదు. కాని గంజాయిని ఒక సమూహానికి అంటగట్టే అలవాటు తెలుగు సాహిత్యస్మృతిలో ఎంత లోతుగా ఉందో అది చూపుతుంది.

ఆ అలవాటు నేడు పేటల పేర్లకు మారింది. పురానాపూల్ దాటితే వచ్చే ధూల్‌పేట ఇందుకు ఉదాహరణ. వినాయక విగ్రహాల తయారీకి, గాలిపటాలకు పేరుపడిన ఆ పేట చాలాకాలం గుడుంబాకు కూడా పేరుపడింది. తెలంగాణ ఏర్పడ్డాక గుడుంబాను అరికట్టారు. ఉపాధి కోల్పోయిన కుటుంబాల పునరావాసం ఆశించినంతగా సాగనిచోట కొందరు గంజాయి చిల్లర అమ్మకాల వైపు మళ్లారు. 2024లో ఎక్సైజుశాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ చేపట్టింది. సరుకు మాత్రం ఆ పేటలో పండదు. దాని మూలాలు ఎక్కువగా ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యంలో ఉన్నాయి. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో తోటలు ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. కొండమీద పంట పెట్టే గిరిజన రైతు, బస్సులో మూట మోసే కూలీ, పేటలో పొట్లం అమ్మే మనిషి పట్టుబడుతున్నారు. పెట్టుబడి పెట్టేవాడి చిరునామా ఈ మూడుచోట్లా ఉండదు.

హుస్సేనీ ఆలం వంటి పేటలకు ఈ వార్తల నీడ పడుతుంది. ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉన్న పేట అది. శతాబ్దాలుగా మొహర్రంలో అలం లేచే పేట అది. ‘పాతబస్తీ’ అన్న ఒక్క మాటతో అద్దె ఇంటికీ ఉద్యోగానికీ అనుమానపు చూపులు ఎదురయ్యే యువతకు, నేరవార్తలో పేట పేరు ప్రముఖంగా వేయడం అదనపు శిక్ష. 1892 నాటి గుమాస్తా పిచ్చికి కారణం తెలియక ‘గంజాయి’ అని రాశాడు. నేటి శీర్షిక గంజాయికి కారణం వెతకక ‘పాతబస్తీ’ అని రాస్తోంది. రెండింటిలోనూ జరిగిన పొరపాటు ఒకటే: విచారించవలసినచోట పేరు పెట్టి ఊరుకోవడం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ‘కైపు’, ‘కైఫియత్తు’ ఒకే అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చాయి. ‘కీఫ్’ అనే పదార్థనామం మాత్రం రాలేదు. దక్కనులో జిగురును విడదీసే వ్యాపారం బలపడకపోవడం దీనికి కారణం కావచ్చు. ఆబ్కారీ కాలంలో రజనుకు అధిక పన్ను, 1985 తర్వాత అధిక శిక్ష పడటం వెనుక ఉన్నది తీవ్రతను గుర్తించిన తర్కమే. ఆ తర్కం న్యాయంగా అమలు కావాలంటే వస్తువులను వేరుగా గుర్తించే మాటలు తెలుగులో ఉండాలి. ఆకుకు భంగు, పూగుత్తికి గంజాయి, విడదీసిన జిగురుకు చరస్, జల్లెడ పట్టిన పొడికి రజను అని పంచనామాల్లో, పత్రికల్లో, పాఠ్యాంశాల్లో స్పష్టంగా వాడటం ఒక ఆరంభం.

గంజాయిని ఒక మతానికో, కులానికో, పేటకో ముడిపెట్టే భావన చారిత్రకాధారాల ముందు నిలబడదు. దగ్గుబాడు పొలాల్లో అది సర్కారు లెక్కల్లోని పంట, వైద్యుడి మాజూనులో మందు, హోలీనాడు పానీయం, ఉలమా దృష్టిలో నిషిద్ధం, యువత చేతిలో నేడు ప్రమాదం. ఇన్ని స్థితులున్న వస్తువుకు తిట్టు సరిపోదు, కైఫియత్తు కావాలి. ఆబ్కారీ దస్తావేజులు, యునానీ వైద్యుల రాతప్రతులు, పాతబస్తీ కుటుంబాల మౌఖిక చరిత్రలు కలిపి చదివే పరిశోధకులు ఆ కైఫియత్తును పూర్తి చేయవలసి ఉంది.